మరిచిపోని కణాలు

యాభైకి రెండు మార్కులు!

జీవశాస్త్రం క్లాసులో రాసుకు రమ్మన్న ఓ పనికి పదిహేనేళ్ల కుర్రాడు తెచ్చుకున్న మార్కులవి. ఆ ఏడాది ఆ సబ్జెక్టులో మొత్తం 250 మంది పిల్లలుంటే అతనిది 250వ స్థానం. 1949 వేసవిలో ఇంటికి వచ్చిన రిపోర్టులో మాస్టారు మార్కులతో సరిపెట్టలేదు. ఈ అబ్బాయికి శాస్త్రవేత్త కావాలనే ఊహ ఉన్నట్టుంది, ఇతని వాలకం చూస్తే అది నవ్వులాటగా ఉంది, చదివేవాడికీ కాలం దండగే, చెప్పేవాళ్లకీ కాలం దండగే... అంటూ ఉతికి ఆరేశారు.

ఇంగ్లండ్‌లో పేరుమోసిన ఈటన్ స్కూలు అది. మాస్టారి మాటకు తిరుగేముంది? కుర్రాడికి సైన్సు మాన్పించి గ్రీకు, లాటిన్ పాఠాల్లో కూర్చోబెట్టారు. అతని పేరు జాన్ గర్డన్. మార్కుల సంగతి ఎలా ఉన్నా పురుగులంటే మాత్రం ప్రాణం. వేలకొద్దీ గొంగళిపురుగుల్ని స్కూల్లోనే పెంచేవాడు. అవి రెక్కలు తొడుక్కుని బయటికొచ్చేదాకా కాచుకుని కూర్చునేవాడు.

గొంగళిపురుగుకీ సీతాకోకచిలుకకీ చూడ్డానికి ఒక్క పోలికా ఉండదు. ఒకటి పాకుతుంది, ఇంకొకటి ఎగురుతుంది. ఒకటి ఆకులు కొరుకుతుంది, ఇంకొకటి తేనె తాగుతుంది. అయినా రెండూ ఒకే ప్రాణి. మరి ఒంట్లో కణాలు ఇంతగా వేషం మార్చేటప్పుడు వాటిలోని జన్యువులు ఏమవుతాయి? అవే ఉంటాయా, కొన్ని పోతాయా? 1949 నాటికి ఈ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా లేదు. అదే ప్రశ్న పీహెచ్‌డీ అంశమై గర్డన్ ముందుకు రావడానికి అప్పటికింకా ఏడేళ్లుంది.

పేజీలు చింపారా... మూశారా?

మన ఒంట్లోని కణాలన్నీ ఒకే ఒక్క కణం నుంచి వచ్చినవి. తల్లి అండం, తండ్రి శుక్రకణం కలిసి తయారైన ఆ ఒక్కటీ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిది... అలా చీలుతూ చీలుతూ పోయి కొన్ని గుండె కణాలవుతాయి, కొన్ని ఎముకలో కుదురుకుంటాయి, కొన్ని పేగు లోపలి గోడకు పూతలా పరుచుకుంటాయి. ఒకసారి కుదురుకున్నాయా, ఇక అంతే. గుండె కణం చచ్చేదాకా కొట్టుకుంటూనే ఉంటుంది తప్ప పొరపాటున కూడా జుట్టు మొలిపించదు. కాలేయ కణం చీలితే రెండు కాలేయ కణాలే వస్తాయి. ఎవరు చెబుతున్నారు వాటికి, మీరు ఫలానా అని?

ఇంటింటికీ ఒకే వంటల పుస్తకం పంచారనుకోండి. ఒకింట్లో ఎప్పుడు చూసినా ఆవకాయే పెడుతున్నారు. ఇంకో ఇంట్లో రోజూ అరిసెలే. ఆవకాయ ఇంటివాళ్లు మిగతా పేజీలన్నీ చింపి పారేశారా? లేక గుండుసూది గుచ్చి మూసి ఉంచారా? వీధిలో నిలబడి చూసేవాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాసన ఆవకాయదే వస్తుంది.

చింపేస్తాయి అన్నవాళ్లలో పెద్దాయన ఆగస్ట్ వైస్‌మన్. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ జర్మన్ శాస్త్రవేత్త చెప్పిన సిద్ధాంతం ప్రకారం, కణాలు ఎదిగే కొద్దీ తమకు అక్కర్లేని లక్షణాల్ని వదిలేసుకుంటూ పోతాయి. నిజమో కాదో తేల్చాలంటే దారి ఒక్కటే. ఎదిగిన కణంలోంచి కేంద్రకాన్ని, అంటే జన్యువులుండే ఆ చిన్న బుడగని బయటికి తీయాలి. దాన్ని సొంత కేంద్రకం లేకుండా చేసిన గుడ్డులో పెట్టాలి. పుస్తకం నిండుగా ఉంటే గుడ్డులోంచి నిండు ప్రాణి వస్తుంది. పేజీలు చిరిగి ఉంటే రాదు. చెప్పుకోవడానికి ఇంతే. 1938లో హాన్స్ స్పెమాన్ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త ఈ ప్రయోగాన్ని ఊహించి, చేయడం ఎలాగో తోచక వదిలేశాడు.

అది చేతల్లోకి వచ్చింది 1952లో. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ బ్రిగ్స్, థామస్ కింగ్ అనే ఇద్దరు కప్ప గుడ్లతో చేసి చూపించారు. అప్పుడప్పుడే చీలుతున్న లేత పిండంలోని కేంద్రకాన్ని గుడ్డులో పెడితే తోకకప్ప వచ్చింది. అయితే కాస్త ముదిరిన పిండం నుంచి తీస్తే రావడం బాగా తగ్గిపోయింది. ఇంకా ముదిరితే దాదాపు లేదు. దాంతో వాళ్లు ఎదిగే కొద్దీ కేంద్రకం ఏదో పోగొట్టుకుంటోందనే అభిప్రాయానికి వచ్చారు. చేయి తిరిగినవాళ్లు, జాగ్రత్తగా చేసిన ప్రయోగం. ప్రపంచం నమ్మింది.

ఆసుపత్రుల్లోంచి వచ్చిన కప్ప

గర్డన్ ఆక్స్‌ఫర్డ్‌లో చేరడం కూడా తమాషాగానే జరిగింది. గ్రీకు, లాటిన్ చదువు కోసం ప్రవేశ పరీక్ష రాస్తే, సీటు ఇస్తాం కానీ పరీక్ష రాసిన సబ్జెక్టు మాత్రం చదవకూడదని షరతు పెట్టారు! సైన్సులో ఖాళీలున్నాయి మరి. ఇంట్లోవాళ్లు డబ్బు ఖర్చుపెట్టి ఏడాదిపాటు ట్యూషన్ చెప్పించారు. అ ఆల దగ్గర్నుంచి జీవశాస్త్రం నేర్చుకుని జంతుశాస్త్రం డిగ్రీలో చేరాడు. అదవగానే తనకిష్టమైన పురుగుల మీదే పీహెచ్‌డీ చేద్దామనుకుంటే ఆ విభాగంవాళ్లు వద్దన్నారు. అప్పుడు చేరదీసింది మిఖాయిల్ ఫిష్‌బెర్గ్ అనే అధ్యాపకుడు. పిండం ఎలా ఎదుగుతుందన్నది ఆయన పరిశోధన. 1956లో కొత్త శిష్యుడి చేతిలో పెట్టిన పని... బ్రిగ్స్, కింగ్ చేసిన ప్రయోగాన్ని ఇంకో జాతి కప్పలో చేసి చూడటం.

ఆ ఇంకో జాతి ఆఫ్రికా నుంచి వచ్చింది. పేరు జెనోపస్. నాలుక ఉండదు, వెనక కాళ్లకి గోళ్లుంటాయి. దానికి ప్రయోగశాలల్లో చోటు దొరకడానికి కారణం మాత్రం ఆసుపత్రులు. ఇప్పుడు మందుల షాపులో దొరికే గర్భపరీక్ష స్ట్రిప్పులు అప్పట్లో లేవు. అనుమానం ఉన్న మహిళ మూత్రాన్ని ఈ కప్పకి ఇంజెక్షన్ ఇచ్చేవారు. తెల్లారేసరికి కప్ప గుడ్లు పెడితే ఆమె నెల తప్పినట్టు లెక్క. గర్భిణుల ఒంట్లో ఉండే హార్మోనుకు ఆ కప్ప అలా స్పందిస్తుంది. కనక ఆ హార్మోను చేతిలో ఉంటే చాలు, ఏడాదిలో ఏ రోజు కావాలంటే ఆ రోజు గుడ్లు సిద్ధం. పైగా ఈ కప్ప ఏడాది తిరక్కుండానే ఈడుకొస్తుంది. అమెరికావాళ్లు వాడిన కప్పకైతే ఏళ్లు పడుతుంది. పరిశోధక విద్యార్థికి ఇంతకంటే కావలసిందేముంది?

మొదట్లో సూదే దిగలేదు. జెనోపస్ గుడ్డు వెడల్పు మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. దాని చుట్టూ రబ్బరులా సాగే జిగురు పొర. ఎంత సన్నటి గాజు గొట్టంతో పొడిచినా పొర లోపలికి లొట్టపడేది తప్ప తెగేది కాదు. వారాలు గడిచాయి. ల్యాబ్‌లో కొత్తగా వచ్చిన అతినీలలోహిత కాంతి దీపం ఒకటుంటే, గుడ్డులోని సొంత క్రోమోజోముల్ని చంపడానికి పనికొస్తుందేమోనని ప్రయత్నించారు. అవి చచ్చాయి. దాంతోపాటు జిగురు పొర కూడా మెత్తబడిపోయింది! ఒకే దెబ్బకు రెండు అడ్డంకులు తొలగాయి. ఆ దీపపు వెలుగు మరో రకానిదైతే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేదేమో.

ఇక చేతిపని. తోకకప్ప కణాల్ని విడదీయాలి. కణం కంటే రవ్వంత సన్నటి గాజు గొట్టంలోకి ఒక్కో కణాన్నీ పీల్చాలి. ఇరుకులో కణం పైపొర చిట్లుతుంది, లోపలి కేంద్రకం మాత్రం చెక్కుచెదరకూడదు. గొట్టాన్ని గుడ్డులోకి దించి వదలాలి. ఊపిరి కాస్త గట్టిగా పీల్చినా గురి తప్పుతుంది. అలా ఒకటి కాదు రెండు కాదు, వందలు.

ఇంత చేసి కప్ప పుట్టినా ఒక అనుమానం మిగులుతుంది. గుడ్డులోని పాత కేంద్రకం చావలేదేమో, అదే ఎదిగిందేమో అని ఎవరైనా అడగొచ్చు. దానికీ ల్యాబ్‌లోనే మందు దొరికింది. మామూలు జెనోపస్ కేంద్రకంలో సూక్ష్మదర్శిని కింద రెండు చుక్కలు కనిపిస్తాయి. ఫిష్‌బెర్గ్ బృందానికి దొరికిన ఓ కప్ప వంశంలో ఒక్క చుక్కే. ఒంటిచుక్క కప్ప నుంచి కేంద్రకం తీసి, రెండు చుక్కల కప్ప గుడ్డులో పెడితే సరి. పుట్టినదాని కణాల్లో ఒక్క చుక్కే ఉంటే ఇక వాదన లేదు.

పదే పది

1958లో మొదటి ఫలితం అచ్చయింది. పిండం కణాల కేంద్రకాలతో పుట్టిన కప్పలు చక్కగా ఎదిగి ఈడుకొచ్చాయి. అక్కడితో ఆగినా పీహెచ్‌డీ వచ్చేసేది. గర్డన్ ఆగలేదు. బాగా ముదిరిన, తన పనిలో పూర్తిగా కుదురుకున్న కణాన్ని ఎంచుకున్నాడు. తిండి తింటూ తిరుగుతున్న తోకకప్ప పేగు లోపలి కణం! దాని పని తిండిని ఒంటబట్టించుకోవడం ఒక్కటే. చింపేయడమే నిజమైతే అందులో చిరగని పేజీలు నాలుగైదు కంటే మిగలకూడదు.

పేగు కణాల కేంద్రకాలు 726 మార్చాడు. అందులో తిండి తినే వయసుదాకా మామూలుగా ఎదిగిన తోకకప్పలు ఎన్నో తెలుసా? 10!

నూటికి ఒకటిన్నర కూడా పూర్తిగా లేదు. కానీ ఈ ప్రశ్నకు శాతాలతో పనిలేదు. పుస్తకంలో పేజీలు నిజంగా చిరిగిపోయి ఉంటే ఒక్కటి కూడా పుట్టకూడదు. పేగు కేంద్రకంలోంచి కన్ను, గుండె, వెన్ను, తోక అన్నీ ఉన్న ప్రాణి ఒక్కసారి వచ్చినా చాలు... పేజీలన్నీ ఉన్నట్టే. మూసి ఉన్నాయంతే.

చెప్పడం తేలికే. చెబుతున్నది ఎవరన్నదే చిక్కు. అటు చూస్తే ఈ పద్ధతిని కనిపెట్టిన పెద్దలు, ఎన్నో ఏళ్ల పని. ఇటు చూస్తే 1960లో పీహెచ్‌డీ పూర్తిచేసిన కుర్రాడు. కప్పల్ని ఆక్స్‌ఫర్డ్‌లో పెంచమని అప్పగించి, తను అమెరికా వెళ్లి పూర్తిగా వేరే పని, బ్యాక్టీరియాని తినే వైరస్‌ల మీద పని చేశాడు. పేగు కణాల ఫలితం వ్యాసంగా వచ్చింది 1962లో. అలాగని అందరూ చప్పట్లు కొట్టలేదు. పేగు గోడలో దారితప్పిన బీజకణాలు ఉంటాయేమో, అవే ఎదిగాయేమో అన్నారు. న్యాయమైన అనుమానమే. 1966లో పేగు కేంద్రకాలతో పుట్టిన కప్పలు పెద్దవై పిల్లల్ని కన్నాయి. 1975లో గర్డన్ బృందం పెద్ద కప్ప కాలి వేళ్ల మధ్య ఉండే చర్మపు కణాలతో ప్రయత్నించి తోకకప్పల్ని తెప్పించింది. అవి మాత్రం కప్పలు కాలేదు, దారిలోనే పోయాయి. పెద్ద ప్రాణి కణం నుంచి పెద్ద ప్రాణి రావడానికి స్కాట్లాండ్‌లో 1996లో పుట్టిన డాలీ అనే గొర్రెపిల్లదాకా ఆగాల్సి వచ్చింది. అక్కడా 277 ప్రయత్నాలకు పుట్టింది ఆ ఒక్కటే.

మిగతా 716 సంగతి?

పేపర్లు, పాఠ్యపుస్తకాలు ఆ పదింటినే గుర్తుపెట్టుకున్నాయి. అసలు విశేషం మిగతా 716లో ఉందని చెప్పాలి. పేజీలన్నీ ఉన్నప్పుడు అన్నీ ఎందుకు ఎదగలేదు?

కొంత జవాబు సూటిగానే ఉంది. కప్ప గుడ్డు మహా తొందర మనిషి లాంటిది. గంటన్నరలో చీలడం మొదలుపెడుతుంది. పేగు కణం తీరుబడిగా చీలే రకం. దాన్ని తీసుకెళ్లి ఆ హడావుడిలో పడేస్తే దాని క్రోమోజోములు నకలు పూర్తికాకుండానే లాగబడి తెగిపోతాయి. చాలా పిండాలు అలా పోయాయి. కానీ క్రోమోజోములు బాగానే ఉండి కూడా వంకరగా ఎదిగినవి ఉన్నాయి. వాటి కథ వేరు. వాటిలో పేగు కేంద్రకం గుడ్డులోకి వచ్చాక కూడా తాను పేగునన్న సంగతి మరిచిపోలేదు!

గర్డన్ తర్వాత కేంబ్రిడ్జికి మారాడు. ఆయన ల్యాబ్‌లో ఒక యువ పరిశోధకుడితో కలిసి చేసిన ప్రయోగం 2008లో అచ్చయింది. కండరంగా మారిన కణాల కేంద్రకాల్ని గుడ్లలో పెట్టారు. పిండాలు ఎదిగాయి. వాటిలో కండరం కాని భాగాల్ని పరీక్షిస్తే, ఉండకూడని చోట కండరపు జన్యువు పనిచేస్తూ కనిపించింది. ఈలోగా కేంద్రకం 24 సార్లు చీలింది. మధ్యలో ఆ జన్యువు నోరు మెదపకుండా ఉన్న దశా ఉంది. అయినా జ్ఞాపకం పోలేదు. పుట్టింటి అలవాటు అత్తింట్లో బయటపడ్డట్టు.

ఎక్కడుంది ఈ జ్ఞాపకం? జన్యువుల అక్షరాల్లో కాదు. అవి కణాలన్నిటిలో ఒకటే. మనిషి కణం ఒక్కోదాంట్లో ఉండే డీఎన్‌ఏ దారాన్ని సాగదీస్తే సుమారు రెండు మీటర్లుంటుంది. మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండని కేంద్రకంలో అది ఇమడాలి. అందుకని హిస్టోన్లు అనే ప్రొటీన్లు ఎనిమిదేసి కలిసి చిన్న చిన్న కండెల్లా ఉంటే, దారం వాటి చుట్టూ దాదాపు రెండేసి చుట్లు చుట్టుకుంటుంది. గట్టిగా చుట్టిన చోట జన్యువు మూగది. వదులుగా ఉన్నచోట మాట్లాడుతుంది. దారం మీద, కండెల మీద చిన్న చిన్న రసాయన ముద్రలు కూడా ఉంటాయి. ఇది మూయండి, ఇది తెరవండి అని గుర్తులు. కణం రెండుగా చీలేటప్పుడు దారంతోపాటు దాని మీది ముద్రలకి కూడా నకలు తీసిపెట్టే ఎంజైము ఉంది. అందుకే కాలేయ కణానికి కాలేయ కణమే పుడుతుంది. కండరపు జ్ఞాపకాన్ని మోసింది కూడా ఒక రకం హిస్టోనేనని 2008 ప్రయోగంలో తేలింది.

జన్యువుల మీద జరిగే ఈ రాజ్యానికి ఎపిజెనెటిక్స్ అని పేరు. ఆ మాటని 1942లో వాడుకలోకి తెచ్చింది కాన్‌రాడ్ వాడింగ్టన్ అనే ఇంగ్లిష్ జీవశాస్త్రవేత్త. ముద్రలేమిటో, కండెలేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. కొండ మీది నుంచి దొర్లే గోళీ బొమ్మ ఒకటి గీశాడు. కిందికి వచ్చే కొద్దీ లోయలు చీలుతుంటాయి, గోళీ ఏదో ఒక లోయలో పడుతుంది, ఇక పక్క లోయలోకి పోలేదు. కణం కూడా అంతేనట. గోళీని వెనక్కి, కొండెక్కించిన మొదటివాళ్లలో గర్డన్ ఒకడు.

కళ్లారా చూడాలనుంటే వీధిలో తిరిగే మూడు రంగుల పిల్లిని చూడండి. నలుపు, నారింజ, తెలుపు మచ్చలుంటాయి. దాదాపు అన్నీ ఆడవే. ఆడపిల్లికి ఎక్స్ క్రోమోజోములు రెండు. నారింజ రంగు జన్యువు ఉండేది వాటిమీదే. ప్రతి కణం చిన్నప్పుడే రెంటిలో ఒకదాన్ని మూసేస్తుంది. ఏది మూయాలన్నది దాని ఇష్టం. ఒకసారి మూశాక దాని సంతానమంతా అదే మూస్తుంది. ఒక మచ్చ అంటే, ఒకే నిర్ణయం తీసుకున్న కణాల కుటుంబం అన్నమాట. ఆడ ప్రాణుల్లో ఇలా ఒక ఎక్స్ మూసుకుంటుందని 1961లో ఎలుకల రంగులు చూసి చెప్పింది మేరీ లియాన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త. 2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సస్‌లో ఇలాంటి మూడు రంగుల పిల్లికి క్లోనింగ్‌తో పిల్లని పుట్టించారు. ప్రపంచంలో మొదటి క్లోన్ పిల్లి. జన్యువులు అచ్చం తల్లివే. ఒంటి మీద మాత్రం నారింజ మచ్చ ఒక్కటీ లేదు! తల్లి నుంచి తీసిన కణం ఎప్పుడో నారింజ పేజీ మూసేసింది. గుడ్డులోకి వెళ్లాక కూడా తెరవలేదు. పోయిన పెంపుడు పిల్లిని తిరిగి తెప్పించుకోవాలని ఆశపడేవాళ్లు ఈ సంగతి ఒకసారి తెలుసుకోవడం మంచిది.

మన దేశంలోనూ ఈ కష్టం అనుభవమే. హర్యానాలోని కర్నాల్ పాడి పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరిలో క్లోనింగ్‌తో పుట్టిన మొదటి గేదె దూడ సమరూప కొద్ది రోజులే బతికింది. అదే ఏడాది జూన్‌లో పుట్టిన గరిమ నిలిచింది. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీలో ఈ ముద్రల వ్యవహారం మీదే ఏళ్ల తరబడి పరిశోధన జరుగుతోంది. అక్కడి విద్యార్థుల పీహెచ్‌డీల్లో కొన్ని ఇవే ప్రశ్నల మీద.

గుడ్డు లేకుండానే

గర్డన్ పేగు కణాల వ్యాసం వచ్చిన 1962లోనే జపాన్‌లో షిన్యా యమనక పుట్టాడు. ఎముకల డాక్టరు కాబోయి, ఆపరేషన్లలో చేయి తిరగక పరిశోధనలోకి వచ్చినవాడు. గుడ్డులో ఏముంది, కణం చేత తన పేరు మరిపించేది ఏది... అది తెలిస్తే గుడ్డు అక్కర్లేదు కదా అన్నది ఆయన ఆలోచన. లేత కణాల్లో చురుగ్గా ఉండే జన్యువుల్లోంచి 24 ఎంపిక చేశారు. విడివిడిగా వేస్తే ఏదీ పనిచేయలేదు. అన్నీ కలిపి ఎలుక చర్మపు కణాల్లో వేస్తే కొన్ని కణాలు మారిపోయాయి! మరి 24లో అసలైనవేవి? జోడీలుగా, ముగ్గురేసిగా చూస్తూ పోతే జన్మలు చాలవు. యమనక తొలి శిష్యుల్లో ఒకడైన కజుతోషి తకహాషి ఒక్కోసారీ 24లో ఒక్కటి తీసేసి చూశాడు. ఏది తీస్తే పని ఆగిపోతుందో అది ముఖ్యమైనది. కందిపప్పు బాగు చేసినట్టు ఏరగా ఏరగా చివరికి నాలుగు మిగిలాయి. 2006లో ఆ సంగతి ప్రకటించారు. మరుసటి ఏడాది మనిషి చర్మంతోనూ చేశారు. 2012లో నోబెల్ బహుమతి గర్డన్‌కీ, యమనకకీ కలిపి వచ్చింది.

నాలుగు జన్యువులతోనూ అన్ని కణాలూ మారవు. చాలా కణాలు మొండికేస్తాయి, ఎప్పటిలాగే. ఆ మొండితనం చెడ్డదనుకోకూడదు సుమా. కాలేయ కణం రాత్రికి రాత్రి తానెవరో మరిచిపోతే మనిషి మిగలడు. చాలా క్యాన్సర్లలో కణాల మీది ముద్రలు చెరిగి తారుమారై కనిపిస్తాయి. మరిపించడం తెలిసినవాడికి ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. అందుకే వైద్యం మెల్లగా నడుస్తోంది. 2014లో జపాన్‌లోని కోబెలో చూపు మందగించిన, డెబ్భై ఏళ్లు పైబడిన మహిళకి ఆమె చర్మం నుంచే తయారుచేసిన రెటీనా కణాల పొరని అమర్చారు. రెండో రోగికి సిద్ధం చేసిన కణాల్లో జన్యు మార్పులు కనిపిస్తే వెంటనే ఆపేశారు. 2025లో క్యోటో వైద్యులు ఏడుగురు పార్కిన్సన్స్ రోగుల మెదడులో ఇలాంటి కణాలు పెట్టిన ఫలితాల్ని ప్రకటించారు. ప్రమాదకరమైన దుష్ఫలితాలు కనిపించలేదన్నారు. అంతవరకే. మూలకణాలతో మోకాళ్ల నొప్పి నుంచి పక్షవాతం దాకా అన్నీ పోతాయని ఊరించే ప్రకటనలు చూసి లక్షలు పోసేముందు, అసలు పరిశోధకులే ఎంత ఆచితూచి అడుగేస్తున్నారో గుర్తుంచుకోవాలి.

ఈటన్ మాస్టారి రిపోర్టును గర్డన్ పారేయలేదు. ఫ్రేము కట్టించి తన గదిలో పెట్టుకున్నాడు. ప్రయోగం పాడైన రోజున దాన్ని చూస్తే, ఆయన చెప్పిందే నిజమేమో అనిపిస్తుందని నవ్వేవాడు. కేంబ్రిడ్జిలోని ఆ పరిశోధన సంస్థకి 2004లో ఆయన పేరే పెట్టారు. 2025 అక్టోబరు 7న, 92 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

2020లో ఆయన బృందం మరో వ్యాసం అచ్చేసింది. అదే జెనోపస్ గుడ్డు కణం, అదే సన్నటి గాజు సూది. ఈసారి ప్రశ్న తిరగేసి అడిగారు... కణాన్ని మార్చేదేమిటని కాదు, మారకుండా పట్టి ఉంచేదేమిటని. నాడీకణాల్ని తయారుచేసే ఒక ప్రొటీను డీఎన్‌ఏ మీద తన చోటు పట్టుకుందంటే గంటలు, రోజులు దిగకుండా కూర్చుంటుందని చూపించారు. అలాంటి ప్రొటీన్లు కొద్ది సెకన్ల కంటే నిలవవని అంతకుముందు అనుకునేవారు. వ్యాసం రాసినవాళ్లలో మొదటి పేరు గర్డన్‌దే. అప్పటికి ఆయన వయసు 86.